జర్మనీలో అద్దింటి గోడకు బూజు పడితే

నవంబరులో ఒక ఆదివారం, బీరువా కిందకి దొర్లిపోయిన ఇయర్‌బడ్ కోసం బీరువాను జానెడు ముందుకు లాగాను. ఇయర్‌బడ్ దొరికింది. వెనక గోడ మీద, మూల నుంచి మోకాలి ఎత్తు దాకా, మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు కూడా కనిపించాయి. మాగ్డెబర్గ్‌లో అది నాకు రెండో చలికాలం. వెంటనే తడిగుడ్డ తెచ్చి తుడిచేశాను. ఓనరుకు తెలిస్తే డిపాజిట్ పోతుందేమోనన్న టెన్షన్‌తో బీరువాను మళ్లీ గోడకు ఆనించేశాను. రెండూ చేయకూడని పనులే. మీరు చేయకుండా ఉండాలని ఇదంతా రాస్తున్నాను.

బూజు అంటే మనకు పండక్కి ముందు చీపురుకట్టతో దులిపే బూజు కూడా గుర్తొస్తుంది. ఇది అది కాదు. ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే పట్టే బూజు. జర్మన్లు షిమ్మెల్ అంటారు. జాడీకి బూజు పడితే అమ్మ ముందు అడిగేది "తడి గరిటె ఎవరు పెట్టార్రా?" అని కదా. గోడ విషయంలోనూ అదే ప్రశ్న. తడి ఎక్కడి నుంచి వచ్చిందో తేలితే దాన్ని ఎలా ఆపాలో తెలుస్తుంది. ఖర్చు ఎవరు పెట్టుకోవాలో కూడా దాన్ని బట్టే తేలుతుంది.

మొదట ఫోటో, తర్వాతే గుడ్డ

తుడవక ముందు ఫోటోలు తీయండి. దూరం నుంచి ఒకటి, గదిలో అది ఏ మూలో తెలిసేలా. దగ్గర నుంచి ఇంకొకటి, పక్కన స్కేలో టేపో పెట్టి. బీరువా, మంచం గోడకు ఎంత దూరంలో ఉన్నాయో కూడా ఫోటోలో పడాలి. తర్వాత గొడవ వస్తే మొదట అడిగేది అదే. ఫోటోలు ఫోన్‌లో వదిలేయకుండా మీకు మీరే మెయిల్ చేసుకుంటే తేదీతో సహా ఉండిపోతాయి.

అదే రోజు ఇల్లంతా ఒకసారి చూడండి. మంచం తలవైపు గోడ, కర్టెన్ వెనక మూలలు, కిటికీ చుట్టూ గోడ అంచు, సింకు కింద. ముఖ్యంగా సూట్‌కేసులు. ఇండియా నుంచి తెచ్చిన రెండు పెద్ద సూట్‌కేసులు మనలో చాలామంది మంచం కిందో, బయటి గోడకు ఆనించో ఏడాదంతా ఉంచేస్తాం. వాటి వెనక గాలి ఆడదు. లోపల పెళ్లిళ్లకు దాచిన పట్టుబట్టలు ఉంటాయి.

మచ్చ ఎక్కడుంటే తడి అక్కడి సంగతి చెబుతుంది

పైకప్పు మీద టీ ఒలికినట్టు గోధుమరంగు అంచుతో గుండ్రటి మరక ఉంటే పైన ఎక్కడో పైపు కారుతోంది, లేదా కప్పు కారుతోంది. ఆ సంగతి ఉత్తరం రాసేదాకా ఆపకండి. బిల్డింగు మరమ్మతులు చూసుకునే హౌస్‌మైస్టర్‌కు వెంటనే ఫోన్ చేయండి. గ్రౌండ్ ఫ్లోరులో గోడ అడుగున పొడవునా తడి పట్టీలా పాకి, పెయింటు పొరలుగా ఊడుతూ, ఉప్పు పేరినట్టు తెల్లగా కనిపిస్తే తడి నేల నుంచో గోడలోపలి నుంచో వస్తోంది. అది కిటికీ తెరిచినంత మాత్రాన పోదు. బాత్రూంలో టైల్స్ అంచుల్లో పూసే సిలికాన్ మీద నల్లచుక్కలు మామూలు విషయం. వాటికి కంగారు పడక్కర్లేదు.

మనవాళ్ల ఇళ్లలో ఎక్కువగా కనిపించేది మరో రకం. బయటి గోడలు రెండూ కలిసే మూల, బీరువా వెనక, కిటికీ చుట్టూ. అక్కడ నీళ్లు ఎక్కడి నుంచీ కారవు. గదిలోని గాలిలో ఉన్న తేమే చల్లటి గోడ మీద చేరుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసాకు చెమట పట్టినట్టే.

దీని లెక్క ఒకసారి తెలుసుకుంటే తర్వాతివన్నీ తేలిక. గది 20 డిగ్రీలు, గాలిలో తేమ 50 శాతం అనుకోండి. ఆ గదిలో గోడ మూల 12.6 డిగ్రీలకు చల్లబడితే ఆ మూలన గాలి తేమ 80 శాతానికి చేరుతుంది. బూజుకు అది చాలు, నీటిచుక్కే కనబడాలని లేదు. గదిలో తేమ 60 శాతమైతే 12 డిగ్రీల దగ్గర ఏకంగా నీళ్లే కడతాయి. కాబట్టి మన చేతిలో ఉన్నవి రెండే. గాలిలో తేమ తగ్గించడం, గోడను వెచ్చగా ఉంచడం.

పాత ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. పూర్వం వాటికి సందులున్న కిటికీలు ఉండేవి. గాలి దానంతట అదే మారేది, తేమ ముందు అద్దం మీద చేరి కంటికి కనిపించేది. ఇప్పుడు గోడలు అలాగే ఉంచి కిటికీలు మాత్రం గాలి చొరబడనివి బిగించారు. అద్దం కన్నా గోడ మూల చల్లగా ఉంటోంది. మన ఊళ్లో పాత ఇళ్లకు గుమ్మాల పైన వెంటిలేటర్లు ఉండేవి. మనం ఏమీ చేయకుండానే ఇంట్లో గాలి ఆడేది. అందుకే ఇంటికి గాలి పట్టించడం కూడా రోజువారీ పనే అన్న ఆలోచన మనకు రాదు.

హైగ్రోమీటర్ కొనండి

గాలిలో తేమ ఎంతుందో చూపించే చిన్న పరికరం ఇది. పదీ పదిహేను యూరోల్లో డిజిటల్‌ది వస్తుంది. బూజు ఉన్న గదిలోనే పెట్టండి, కానీ కిటికీ పక్కనా హీటర్ మీదా కాదు. పొద్దున లేవగానే ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి ఉష్ణోగ్రత, తేమ రాసుకోండి. కిటికీ ఎప్పుడు తెరిచారో పక్కనే రాయండి. చలికాలంలో 40 నుంచి 55 శాతం మధ్య ఉంటే మంచిది. గంటల తరబడి 60 దాటి ఉంటోందంటే తడి మన వైపు నుంచే ఎక్కువగా వస్తోందన్నమాట. రోజూ 45 చూపిస్తున్నా బూజు పెరుగుతోందంటే గోడనే అనుమానించాలి. ఆ కాగితం తర్వాత మీ తరఫు సాక్ష్యం.

ఓనరుకు రాతపూర్వకంగా చెప్పండి

చాలామంది వెనకాడేది ఇక్కడే. "చెబితే మన మీదే పడుతుంది" అనుకుంటాం. చట్టం సరిగ్గా తిరగేసి చెబుతుంది. జర్మన్ సివిల్ కోడ్ బీజీబీలో 536సీ సెక్షన్ ప్రకారం ఇంట్లో లోపం కనిపిస్తే అద్దెదారు ఆలస్యం చేయకుండా ఓనరుకు తెలపాలి. చెప్పకుండా దాచి, ఆ ఆలస్యం వల్ల నష్టం పెరిగితే పెరిగిన నష్టానికి మనం బాధ్యులం. అద్దె తగ్గింపు అడిగే హక్కు కూడా అక్కడ పోగొట్టుకుంటాం.

లోపం గురించి ఓనరుకు రాసే ఈ ఉత్తరాన్ని మెంగల్‌అన్‌ట్సైగె అంటారు. పెద్ద భాష అక్కర్లేదు. ఏ గది, ఏ గోడ, ఎంత మేర, మొదట ఎప్పుడు చూశారు, ఫోటోలు జత చేశాం, కారణం కనుక్కుని బాగుచేయించండి, ఫలానా తేదీలోగా జవాబివ్వండి. అంతే. గడువుగా రెండు వారాలు ఇవ్వడం మామూలు. "రెండు వారాల్లో" అని కాకుండా తేదీ వేయండి. ఒక్క మాట మాత్రం రాయకండి: "మేము ఎక్కువ వంట చేస్తాం, కిటికీలు సరిగ్గా తెరవలేదేమో, సారీ". మర్యాద కోసం మనం రాసే ఆ సారీ రేపు ఒప్పుకోలు అవుతుంది. కారణం మీరు తేల్చక్కర్లేదు, కనబడింది రాస్తే చాలు.

మెయిల్ చేయొచ్చు, కానీ అందలేదంటే మీ దగ్గర రుజువు ఉండదు. పోస్టాఫీసులో ఐన్‌వుర్ఫ్ ఐన్‌ష్రైబెన్ అని అడిగితే ఉత్తరం పెట్టెలో వేసినట్టు నమోదవుతుంది. ఫోన్‌లో మాట్లాడితే ఆ సాయంత్రమే "మీరు ఫోన్‌లో ఇలా అన్నారు" అని ఒక మెయిల్ కొట్టండి.

షేరింగ్ ఫ్లాట్‌లో సబ్‌లెట్ మీద ఉంటే మీ ఓనరు ఆ ఇంటి యజమాని కాదు, మీతో ఒప్పందం రాసుకున్న హౌప్ట్‌మీటర్, అంటే అసలు అద్దెదారు. ఉత్తరం అతనికి వెళ్లాలి. ఆ అన్నయ్య మన తెలుగువాడే అయినా సరే, వాట్సాప్‌లోనైనా రాతలో పెట్టండి.

చిన్న మచ్చైతే మీరే తుడవచ్చు

జర్మన్ పర్యావరణ సంస్థ ఉమ్‌వెల్ట్‌బుండెస్అమ్ట్ ఇచ్చిన సూచనల్లో హద్దు అర చదరపు మీటరు. అంటే సుమారు 70 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు. అంతకన్నా చిన్నదై, పైపైనే ఉంటే మనమే శుభ్రం చేసుకోవచ్చు. పెద్దదైతే, లేదా ప్లాస్టర్ లోపలికి దిగి ఉంటే అది పనివాళ్ల పని. ఉబ్బసం, అలర్జీలు ఉన్నవాళ్లు, రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్లు చిన్నదైనా తుడవకూడదు. ఆ పని ఇంట్లో వేరేవాళ్లకు ఇవ్వండి. చంటిపిల్లల్ని, వాళ్ల బట్టల్ని ఆ గదిలోంచి తీసేయండి.

కావలసినవి: రబ్బరు గ్లవ్స్, ఎఫ్ఎఫ్‌పీ2 మాస్క్, కళ్లద్దాలు, పారేయగలిగే పాతగుడ్డలు, మందులషాపులో దొరికే 70 నుంచి 80 శాతం ఆల్కహాల్. గది తలుపు మూసి కిటికీ తెరవండి. ఆల్కహాల్ మంట అంటుకుంటుంది కాబట్టి స్టవ్, దేవుడి దగ్గర దీపం, అగరుబత్తి, సిగరెట్ ఏవీ ఉండకూడదు. ఒకేసారి ఎక్కువ పోయకండి. గుడ్డ తడిపి అద్దితే చాలు. మచ్చ అంచు నుంచి మధ్యకు తుడవండి. పొడి బ్రష్‌తో గీకితే బూజు గింజలు గదంతా లేస్తాయి. వ్యాక్యూమ్ క్లీనర్ పెట్టినా అంతే. వాడిన గుడ్డల్ని కవర్లో మూట కట్టి చెత్తలో వేయండి. తర్వాత స్నానం, ఆ బట్టలు ఉతుక్కోవడం.

వెనిగర్ గురించి: మన ఫ్యామిలీ గ్రూపుల్లో మొదట వచ్చే సలహా అదే. సున్నం ఉన్న ప్లాస్టర్ మీద వెనిగర్ పనిచేయదు. సున్నం దాని పులుపును విరిచేస్తుంది, మిగిలింది బూజుకే మేతవుతుంది. సూపర్‌మార్కెట్లో దొరికే క్లోరిన్ స్ప్రే మచ్చను తెల్లగా చేస్తుంది. వాసన ఘాటు, మూసిన బాత్రూంలో మరీ ప్రమాదం. దాన్ని వెనిగర్‌తోనో, బాత్రూం గార వదిలించే యాసిడ్‌తోనో ఎప్పుడూ కలపకండి. విషవాయువు వస్తుంది. మీద రంగు వేసేయడం అన్నిటికన్నా పనికిరాని పని, ఒక్క శీతాకాలంలోనే మళ్లీ బయటికొస్తుంది. వాల్‌పేపర్ చింపాలన్నా, సిలికాన్ మార్చాలన్నా ముందు ఓనరును అడగండి.

ఉతకగలిగిన బట్టలు ఉతికితే సరిపోతుంది. బూజు లోపలికి పట్టిన పరుపును బాగుచేయలేం, పారేయాల్సిందే. పారేసే ముందు ఫోటో తీసి, బిల్లు ఉంటే దాచండి.

కిటికీ ఎలా తెరవాలి

కిటికీలు కాసేపు బార్లా తెరిచి గాలి మార్చడాన్ని జర్మన్లు ష్టోస్‌లుఫ్టెన్ అంటారు. మొదట్లో నేను నవ్వుకున్నాను, కిటికీ తెరవడానికి కూడా ఒక పేరా అని. ఇప్పుడు మా ఇంట్లో అలారం పెట్టుకుని మరీ తెరుస్తున్నాను.

కిటికీలు బార్లా తెరవాలి, ఎదురెదురు కిటికీలైతే ఇంకా మంచిది. గట్టి చలిలో అయిదు నిమిషాలు చాలు, మార్చి, అక్టోబరు నెలల్లో పది పదిహేను. పొద్దున లేవగానే, వంట అయ్యాక, స్నానం అయ్యాక, పడుకోబోయే ముందు. ఆ అయిదు నిమిషాలు హీటర్ తగ్గించి ఉంచండి. గోడలు చల్లబడవు, గాలి మాత్రమే మారుతుంది. మళ్లీ మూయగానే తొందరగా వెచ్చబడుతుంది.

ఇక్కడి కిటికీలు పైభాగం మాత్రమే లోపలికి వంగేలా కూడా తెరుచుకుంటాయి. కిటికీని అలా పై నుంచి వంచి రోజంతా ఉంచేయడం మనం అందరం చేసే తప్పు. గాలి పెద్దగా మారదు, కిటికీ చుట్టూ గోడ మాత్రం గంటల తరబడి చల్లబడి సరిగ్గా అక్కడే బూజు పడుతుంది.

"బయట వాన, తేమ లోపలికి రాదా?" అని అందరూ అడుగుతారు. శీతాకాలంలో రాదు. సున్నా డిగ్రీల గాలి ఎంత తడిగా ఉన్నా ఘనపు మీటరుకు 5 గ్రాములకు మించి నీళ్లు మోయలేదు. మన గదిలో 20 డిగ్రీల్లో 60 శాతం తేమ అంటే 10 గ్రాముల పైనే. అందుకే వానలో తెరిచినా ఇల్లు ఆరుతుంది. ఎండాకాలంలో నేలమాళిగ గదులకు ఇది తలకిందులు. మధ్యాహ్నపు వేడిగాలి చల్లటి గోడకు తగిలి తేమ వదులుతుంది. అలాంటి గదులకు తెల్లవారుజామున, రాత్రిపూట గాలి పెట్టాలి.

ఇక మన వంట. కుక్కర్ విజిల్స్, ఇడ్లీ ఆవిరి, గంటసేపు మరిగే పులుసు. వండడం మానమని ఎవరూ అనలేరు. వంటగది తలుపు మూసి వండండి, అవగానే కిటికీ బార్లా. పొయ్యి పైన చిమ్నీ ఉంది కదా అని ధీమాగా ఉండకండి. అద్దిళ్లలో చాలా చిమ్నీలు గాలిని బయటికి పంపవు. జిడ్డును, వాసనను వడకట్టి అదే గాలిని తిరిగి గదిలోకి వదులుతాయి, ఆవిరి ఇంట్లోనే ఉంటుంది. గొట్టం గోడలోంచి బయటికి వెళ్తోందో లేదో చూస్తే తెలుస్తుంది.

బట్టలు ఇంకా పెద్ద సంగతి. ఒక లోడు బట్టలు గదిలో ఆరేటప్పుడు రెండు లీటర్ల దాకా నీళ్లు గాలిలోకి వదులుతాయి. బిల్డింగులో బట్టలారేసే గది ఉంటే వాడండి. లేకపోతే స్పిన్ ఎక్కువ పెట్టి, ఒకే గదిలో తలుపేసి ఆరేసి, ఆ గదికి ఎక్కువసార్లు గాలి పెట్టండి. ఇద్దరు ఒక గదిలో పడుకుంటే తెల్లారేసరికి ఊపిరి, చెమట కలిసి అర లీటరుకు పైనే అవుతుంది. పొద్దున కిటికీ తెరవడం అందుకే అన్నిటికన్నా ముఖ్యం.

హీటర్ ఆపేసి డబ్బులు మిగులుద్దాం అనుకోవద్దు. నాబ్ మీద 3 అంటే దాదాపు 20 డిగ్రీలు, 2 అంటే 16. పడకగది ఆపేసి, హాల్లో వేడి వస్తుందని తలుపు తీసి ఉంచితే హాల్లోని తేమ గాలి వెళ్లి పడకగది చల్లటి గోడ మీద కూర్చుంటుంది. బీరువా, మంచం బయటి గోడకు కనీసం అయిదు నుంచి పది సెంటీమీటర్లు ఎడంగా పెట్టండి. డిసెంబరులో నెల రోజులు ఇండియా వెళ్తుంటే హీటర్ పూర్తిగా కట్టేయకుండా 2 దగ్గర ఉంచండి.

"మీరు కిటికీలు తెరవట్లేదు" అంటే

ఈ జవాబు తప్పకుండా వస్తుంది. మా ఓనరు నుంచి నాలుగు రోజుల్లో వచ్చింది, ఒకే వాక్యంలో. దానికి కోపంగా జవాబు రాయకండి. హైగ్రోమీటర్ కాగితం, ఫోటోలు పంపి, మనిషిని పంపి గోడ కొలిపించమని అడగండి.

కోర్టుకెళ్తే వరస ఇలా ఉంటుంది. ఇంటి నిర్మాణంలోని లోపం వల్ల తడి రాలేదని ముందు ఓనరు నిరూపించాలి. అది నిరూపించాకే, మన వాడకం వల్ల కాదని చూపించే భారం మన మీదకి వస్తుంది. అయితే ఒక తీర్పు గుర్తుపెట్టుకోండి. 2018 డిసెంబరు 5న కార్ల్స్‌రూలోని అత్యున్నత న్యాయస్థానం బీజీహెచ్, కట్టిన కాలపు నిబంధనల ప్రకారమే కట్టిన పాత ఇంట్లో చల్లటి మూలలు ఉండి బూజు పట్టే అవకాశం ఉంది అన్నంత మాత్రాన అది లోపం కాదంది. 1968లో, 1971లో కట్టిన ఇళ్ల కేసులవి. కాబట్టి "పాత ఇల్లు, గోడలకు ఇన్సులేషన్ లేదు" అన్న ఒక్క వాదనతో నెగ్గలేం.

అద్దె తగ్గించుకోవడం బీజీబీ 536 ఇచ్చిన హక్కే, అదీ హీటింగ్ ఖర్చులతో కలిపిన మొత్తం అద్దె మీద. కానీ ఎంత తగ్గాలన్నది కేసును బట్టి మారుతుంది. వాట్సాప్‌లో ఎవరో 20 శాతం అన్నారని కోసేయకండి. ఎక్కువ కోసి, బూజు మీ తప్పేనని తేలి, బాకీ రెండు నెలల అద్దెకు చేరితే ఓనరు ఉన్నపళంగా ఒప్పందం రద్దు చేయొచ్చు. వీసా, రిజిస్ట్రేషన్ అన్నీ ఆ అడ్రసు మీద ఉన్న మనకు అది పెద్ద దెబ్బ. నా మాట వింటే అద్దె పూర్తిగానే కట్టండి, కానీ "ఉంటర్ ఫోర్‌బెహాల్ట్" అంటే హక్కు వదులుకోకుండా కడుతున్నాం అని ముందు ఒక ఉత్తరం రాసి కట్టండి. తర్వాత తిరిగి అడగడానికి దారి ఉంటుంది.

ఈ దశలో మీటర్‌ఫెరైన్‌లో చేరండి. అద్దెదారుల సంఘం, దాదాపు ప్రతి ఊళ్లో ఉంటుంది. ఏడాది చందా లాయరు ఫీజు ముందు చాలా తక్కువ. మీ ఒప్పందం, ఉత్తరాలు చూసి ఏం రాయాలో వాళ్లే చెబుతారు, అవసరమైతే వాళ్లే రాస్తారు. చందాతో వచ్చే కోర్టు ఖర్చుల బీమా మాత్రం అప్పటికే మొదలైన తగాదాకు సాధారణంగా వర్తించదు. అందుకే బూజు లేనప్పుడే చేరినవాళ్లు తెలివైనవాళ్లు. ఆరోగ్యం బాగా దెబ్బతింటే నోటీసు గడువు లేకుండా ఖాళీ చేసే వీలు కూడా చట్టంలో ఉంది, కానీ వాళ్లను అడగకుండా ఆ పని చేయకండి.

నీళ్లు కారి ఓనరు గది ఆరబెట్టే మిషన్ పెట్టిస్తే, పెట్టిన రోజూ తీసిన రోజూ కరెంటు మీటర్ రీడింగ్ ఫోటో తీయండి. వారాల తరబడి ఆ మిషన్ తాగే కరెంటు డబ్బులు అడిగి తీసుకోవచ్చు.

ఖాళీ చేసేటప్పుడు

డిపాజిట్ మూడు నెలల కాల్ట్‌మీటె, అంటే హీటింగ్ లాంటి ఖర్చులు కలపని అద్దె దాకా ఉంటుంది, చిన్న మొత్తం కాదు. తాళాలిచ్చే రోజు ఇంటి పరిస్థితి గురించి రాసే ప్రోటోకోల్‌లో "గాలి సరిగ్గా పెట్టనందువల్ల బూజు" అని రాసి సంతకం పెట్టమంటే పెట్టకండి. "పడకగది మూలలో బూజు, ఫలానా తేదీన తెలియజేయబడింది" అని కనబడింది మాత్రమే రాయించండి. జర్మన్ బాగా వచ్చిన ఫ్రెండ్‌ను వెంట తీసుకెళ్లండి, సాక్షి కూడా అవుతారు. నాకు ఆ రోజు పనికొచ్చింది, రెండోసారి బుద్ధి తెచ్చుకుని రాసిన ఉత్తరం, మూడు నెలల హైగ్రోమీటర్ కాగితం. గోడ బాగుచేసిన ఖర్చు డిపాజిట్‌లోంచి కోస్తామన్నవాళ్లు చివరికి మొత్తం తిరిగి ఇచ్చారు.

కొత్త ఇల్లు చూడ్డానికి వెళ్తే గదంతా పాత రంగు ఉండి ఒక్క మూలకే కొత్త తెల్లరంగు ఉందేమో చూడండి. బాత్రూంకు కిటికీ ఉందా, ఫ్యాన్ ఉందా అడగండి. ఫ్యాన్ దగ్గర టాయిలెట్ పేపర్ ముక్క పెడితే అంటుకోవాలి. ప్రస్తుతం ఉన్నవాళ్ల బీరువా బయటి గోడకు ఉంటే పక్కనుంచి ఫోన్ టార్చ్ వేసి వెనక్కి తొంగిచూడండి. ఇల్లు చూపించేవాళ్లు అదోలా చూస్తారు, చూడనివ్వండి.